ఫోను నిర్దోషి, ఋతువులే ముద్దాయిలు

తెలుగువాళ్ళు పుస్తకాలు చదవడం మానేశారని బాధపడేవాళ్ళందరూ చివరికి వేలు చూపించేది ఫోను వైపే. ఆ బాధని కూడా ఫోనులోనే రాసి, ఫోనులోనే పదిమందికి పంపి, దానికి ఎన్ని లైకులు వచ్చాయో ఫోనులోనే చూసుకుంటారు, అది వేరే సంగతి. నేను ఈ వ్యాసంలో ఫోను తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు తీసుకోలేదు. నా చదువుని చెడగొట్టింది ఆ అమాయకురాలు కాదని, అసలు ముద్దాయిలు ఋతువులని, వాటికి అడుగడుగునా సహకరించిన రెండో ముద్దాయి వివాహ వ్యవస్థ అని, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన పదహారేళ్ళుగా కాపురం ఉంటున్న మనిషిగా సాక్ష్యాలతో సహా నిరూపించదలచుకున్నాను.

మిషిగన్‌లో ఎవరినైనా మీ ఊరెక్కడ అని అడిగితే మ్యాపు తియ్యరు, కుడి అరచెయ్యి ఎత్తి చూపిస్తారు. రాష్ట్రం కింది భాగం అచ్చం చేతి తొడుగులా ఉంటుంది కాబట్టి, బొటనవేలి కింద మణికట్టుకి దగ్గరగా వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ" అంటారు. చేతి తొడుగు ఆకారంలో ఉన్న చోటికి వచ్చి చలి అని ఏడవడమేమిటని మీరు అడగొచ్చు. ఉద్యోగానికి వచ్చేవాడు రాష్ట్రం ఆకారం చూసి రాడు కదండీ.

మొదటి సాక్ష్యం నా మంచం పక్క బల్ల మీద ఉన్న తెలుగు నవల. పేరు చెప్పను, రాసిన పెద్దాయన్ని మా ఇంటి గొడవల్లోకి లాగడం మర్యాద కాదు. 612 పేజీలు, గట్టి అట్ట. 38వ పేజీ దగ్గర గుర్తుగా ఒక బోర్డింగ్ పాసు పెట్టి ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. పాసు మీద అక్షరాలు వెలిసిపోయి అది ఏ ఊరినుంచి ఏ ఊరికో ఇప్పుడు తెలియదు. నా పరిస్థితీ అంతే, కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోయాను. ఒక్కటి మాత్రం గుర్తుంది: ఆ పేజీలో ఒక మేనమామ ఎడ్లబండి దిగుతూ ఉంటాడు. నాలుగేళ్ళుగా దిగుతూనే ఉన్నాడు పాపం, ఒక కాలు బండి మీద, ఒక కాలు గాల్లో.

ఈ పుస్తకం ఇక్కడికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే నేరం మొదలైంది అక్కడే. ఒక జనవరిలో సెలవు పెట్టి వెళ్ళినప్పుడు విజయవాడ పుస్తకాల పండగలో తిరిగి పద్నాలుగు పుస్తకాలు కొన్నాను. అసలు జనవరిలో ఆంధ్రదేశానికి వెళ్ళడమే ప్రమాదం. సాయంత్రం చల్లగాలి, చేతిలో వేడి మిరపకాయ బజ్జీ, చుట్టూ పుస్తకాల కొట్లు. ఆ వాతావరణంలో ఎవడికైనా తనొక పాఠకుణ్ణనే భ్రమ కలుగుతుంది. తిరుగు ప్రయాణం ముందు రోజు రాత్రి తెనాలిలో మా ఇంటి వరండాలో పెట్టెలు సర్దుడు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. నాన్న కొక్కెం తగిలించే చేతి త్రాసు పట్టుకుని, రెండు చేతులా పెట్టెని పైకెత్తి, ఊపిరి బిగబట్టి అంకెలు ఆగేదాకా చూస్తున్నారు.

"23 కిలోల 900," అన్నారు, బంగారం తూచినంత శ్రద్ధగా.

"ఆ పుస్తకాలు తీసెయ్యరా," అంది అమ్మ.

"పచ్చడి తీస్తేనో?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ ఒకసారి నా వైపు చూసింది. పెళ్ళయిన కొత్తలో అయితే ఆ చూపుకి అర్థం అడిగేవాణ్ణి.

పెట్టెలో ఏమున్నాయో చూడండి. ఉసిరికాయ పచ్చడి రెండు కిలోలు, పండుమిరపకాయ కిలోన్నర, కందిపొడి, నల్లకారం, మినప వడియాలు, సున్నుండలు, ఎవరో ఎవరికో ఇమ్మన్న చీరలు ఆరు. వీటిలో ప్రతిదాని వెనకా ఒక మనిషి నిలబడి ఉంది: పచ్చడి అమ్మది, పొడులు అత్తగారివి, చీరలు మా వదినవి. పుస్తకాల వెనక ఎవరున్నారు? ఎప్పుడో పోయిన రచయితలు. పోయినవాళ్ళ తరఫున మాట్లాడేవాణ్ణి ఆ వరండాలో నేనొక్కణ్ణే, అదీ గట్టిగా కాదు.

పద్నాలుగింటిలో అయిదు బతికాయి. ఈ లావు నవల బతికింది సాహిత్య విలువ వల్ల అనుకునేరు. పచ్చడి ప్యాకెట్లు నలగకుండా మధ్యలో అడ్డంగా గట్టి అట్ట ఒకటి ఉండాలని అమ్మ అంది, అందుకని. అయినా దారిలో ఒక ప్యాకెట్టు కాస్త కారింది. అట్ట మీద మొదలుపెట్టి నూనె 90వ పేజీ దాకా వెళ్ళింది. అంటే నాకంటే 52 పేజీలు ఎక్కువ చదివింది.

సరే, ఇల్లు చేరి పెట్టెలు విప్పాం. జనవరి చివర, బయట మంచు. ఇక్కడ ప్రతిపక్షం వాళ్ళు లేచి, చదువుకోడానికి చలికాలాన్ని మించిన కాలం ఏముంది అంటారు. వాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉంటుంది: కిటికీ, కిటికీ అవతల మంచు, ఇవతల దుప్పటి, పొగలు కక్కే కాఫీ, ఒళ్ళో పుస్తకం. ఆ బొమ్మలో డ్రైవ్‌వే, అంటే రోడ్డు నుంచి ఇంటిదాకా కారు వచ్చే దారి, ఎందుకు కనపడదో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ కాఫీ తాగేవాడి మంచు ఇంకెవడో తవ్వుతున్నాడు కాబట్టి.

మంచు తవ్వడం అరగంట పని అని చెబుతారు. నిజమే, తవ్వడం అరగంటే. తవ్వి లోపలికొచ్చి, బూట్లు విప్పి, టోపీ తీసి, కోటు, దాని కింద స్వెట్టరు, దాని కింద ఇంకోటి (ఉల్లిపాయక్కూడా అన్ని పొరలుండవు) ఒలుచుకుని, చేతులు రుద్దుకుని, పుస్తకం తెరిచి, మేనమామ రెండో కాలు కింద పెట్టబోతుండగా బయట గరగరమని చప్పుడు. మంచుబండి వస్తుంది. రోడ్డు మీదున్న మంచంతా శుభ్రంగా పక్కకి నెట్టి, మా డ్రైవ్‌వే మొదట్లో మోకాలెత్తు గోడ కట్టి వెళ్ళిపోతుంది. ఆ గోడ మామూలు మంచు కాదు, నలిగి గడ్డకట్టిన మంచు, పార వేస్తే ఖంగుమంటుంది. మళ్ళీ స్వెట్టరు, మళ్ళీ కోటు, మళ్ళీ టోపీ. మేనమామ కాలు గాల్లోనే.

తరవాత ఉప్పు. ఇది చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు: డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండి ఎండిపోతే మిగిలిన ఉప్పు. కింద వీధులకి వీధులు తవ్వుకుంటూ పోయి, ఆ ఉప్పు పైకి తెచ్చి రోడ్ల మీద చల్లుతారు. అది మంచుని కరిగిస్తుంది, కారు అడుగుభాగాన్ని తింటుంది, మిగిలింది బూట్లతో ఇంట్లోకొచ్చి హాల్లో తెల్లటి మరకలై కూర్చుంటుంది. ఆ మరకలు తుడవాల్సింది ఎవరన్నది మా ఇంట్లో ఇంకా విచారణలో ఉంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదన్నారు పెద్దలు. ఇంటినే తినే ఉప్పు గురించి ఏమీ అనలేదు.

ఇక రెండో ముద్దాయి. పెళ్ళంటే ఏడడుగులని పంతులుగారు చెప్పారు గానీ నాలుగు డిగ్రీలని చెప్పలేదు. ఇంట్లో వేడి నాకు 68 ఉండాలి, ఆవిడకి 72, ఫారెన్‌హీట్‌లో. మన సెంటీగ్రేడులోకి మారిస్తే ఇరవైకీ ఇరవైరెండుకీ ఉన్న తేడా, అంతే. కొలత మారిస్తే ఏ గొడవైనా సగమవుతుందని నేనంటాను, కొలత మార్చి నన్ను మోసం చెయ్యొద్దని ఆవిడంటుంది. ఆ వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్ అని గోడ మీద చిన్న డబ్బా ఒకటుంది, దాని దగ్గరికి ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం వెళ్ళొస్తూ ఉంటాం. అమ్మాయి అటు వెళ్ళినా మా ఇద్దరికీ అనుమానమే.

ఈ వ్యాజ్యంలో ఒకసారి రాష్ట్ర ప్రభుత్వం కలగజేసుకుంది, నమ్ముతారా? 2019 జనవరి 30. ధ్రువాల చలి కిందికి దిగొచ్చి, బయట ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్‌కి కూడా బాగా దిగువన ఉన్న రోజు. సరిగ్గా ఆ రోజే ఒక గ్యాసు కేంద్రంలో మంటలు లేచాయి, ఇళ్ళకి గ్యాసు చాలదేమోనన్న భయం పట్టుకుంది. ఆ రాత్రి అందరి ఫోన్లూ ఒక్కసారి కీచుమన్నాయి: దయచేసి మీ థర్మోస్టాట్ 65కి తగ్గించండి అని. నేను ఆ ఫోనుని రెండు చేతులతో పట్టుకుని, తీర్పు కాపీ అందించినట్టు మా ఆవిడ ముందు పెట్టాను. పెళ్ళైనప్పటినుంచీ నేను చెబుతున్నదాన్ని గవర్నరే చెబితే ఎలా ఉంటుంది? అందుకే అంటున్నాను, ఆపదలో నా పక్కన నిలబడింది ఎవరండీ? ఫోను.

"తగ్గించండి," అంది ఆవిడ శాంతంగా. తగ్గించాను. వెనక్కి తిరిగేసరికి తన దుప్పటితో పాటు నాదీ కప్పుకుని పడుకుంది. ప్రభుత్వం థర్మోస్టాట్ గురించే చెప్పింది, దుప్పటి గురించి చెప్పలేదట.

ఆ చలిలో పుస్తకం చదవడం ఎలాగో చెప్పండి. పుస్తకం పట్టుకోవాలంటే చేతులు బయట ఉండాలి. ఒక చెయ్యి లోపల, ఒకటి బయట, వంతులవారీగా పెడదామంటే 612 పేజీల నవల ఒక చేత్తో ఆగదు, మొహం మీద పడుతుంది. పడింది కూడా. పైగా దీపం.

"ఇంకా ఎంతసేపండీ?"

"ఈ పేజీ అయిపోగానే."

"ఏ పేజీ?"

"38."

"నిన్న కూడా 38 అన్నారు."

ఇంతటి నిఘా ఉన్న చోట సాహిత్యం ఎలా బతుకుతుంది?

మా ఆవిడ చదవదని కాదు. వంట చేస్తూ చెవుల్లో పెట్టుకుని పుస్తకాలు వింటుంది. విని, "ఈ వారం ఇంకోటి చదివేశాను" అంటుంది. వినడం చదవడం ఎలా అవుతుందని ఒక రోజు గట్టిగానే నిలదీశాను, కొంత అసూయతో, కొంత భాషాభిమానంతో.

"మీ తాతగారు భారతం చదివారా, విన్నారా?" అంది పోపులో ఇంగువ వేస్తూ.

మా తాతయ్యకి సంతకం ఒక్కటే వచ్చు. కానీ భారతంలో ఎవరు ఎవరితో ఏమన్నారో ఆయన చెప్పినట్టు చదువుకున్నవాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు. వానలు వెనకబడితే ఊళ్ళో విరాటపర్వం చదివించేవాళ్ళు, అది చదివితే వానలు కురుస్తాయని నమ్మకం. తాతయ్య మొదటి వరసలో కూర్చుని వినేవాడు. అంటే చూడండి, మన దగ్గర ఒకప్పుడు పుస్తకం చదివితే ఋతువు కదిలేది. ఇక్కడ ఋతువు కదిలినప్పుడల్లా నా పుస్తకం ఆగిపోతోంది. ఇంత పెద్ద ఆలోచన ఆ నిమిషంలో వచ్చింది గానీ, పైకి మాత్రం "పోపు మాడుతోంది" అన్నాను.

చలికాలంలో మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. మంచు నా వాటా, వారానికి రెండు సాయంత్రాలు అమ్మాయిని స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్ళడం ఆవిడ వాటా. ముప్పావుగంట సేపు ఆ పార్కింగు లాటులో కారులో ఒంటరిగా కూర్చోవాలి పాపం అని జాలిపడి, అప్పుడప్పుడూ పైకే అనేవాణ్ణి కూడా. ఆవిడ ఏమీ అనేది కాదు.

ఫిబ్రవరి 2 వస్తుంది. ఆ రోజు పెన్సిల్వేనియాలో పంక్సటానీ అనే ఊళ్ళో, పొడుగు టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు గ్రౌండ్‌హాగ్ అనే ఒక బొద్దు జంతువుని తెల్లవారుజామున బయటికి తీసి, దానికి దాని నీడ కనపడిందో లేదో చూస్తారు. కనపడితే ఇంకో ఆరు వారాలు చలి. 1887 నుంచి నడుస్తోంది ఈ తంతు. టీవీలో చూసి నేను పడీ పడీ నవ్వాను. "ఉగాదికి ఆదాయం 2, వ్యయం 14 అని విని రెండు రోజులు అన్నం సయించని మనిషి ఈ మాత్రానికి నవ్వకూడదు," అంది ఆవిడ. నిజం చెప్పొద్దూ, నేను అడిగింది చలి ఎప్పుడు పోతుందని కాదు, నవల ఎప్పుడు అవుతుందని. అది ఆ జంతువుకీ తెలియదు, పంచాంగానికీ తెలియదు.

మార్చిలో రెండో ఆదివారం ప్రభుత్వమే స్వయంగా దొంగతనానికి దిగుతుంది. రాత్రి రెండవగానే గడియారాన్ని మూడు చేస్తారు. ఒక గంట పోయినట్టే. నా లెక్క ప్రకారం నేను ప్రతి ఏడాదీ ఆ గంటలోనే చదువుకుందామనుకున్నాను. ఫోను టైము దానంతట అదే మారుతుంది (నా కక్షిదారు గుణగణాల్లో ఇదొకటి, రాసుకోండి), ఓవెను గడియారం ఆవిడ మారుస్తుంది, కారు గడియారం ఎవరూ మార్చరు, నవంబరు దాకా అది పాత కాలంలోనే ఉంటుంది. మా అమ్మకి మాత్రం ఈ పద్ధతి ఇప్పటికీ మింగుడు పడలేదు. నిన్నటిదాకా మాకూ తెనాలికీ పదిన్నర గంటల తేడా, తెల్లారేసరికి తొమ్మిదిన్నర. "మీ దేశంలో ఆఖరికి టైముక్కూడా నిలకడ లేదేమిట్రా?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అంటారు కదా. ఇక్కడ మార్చిలో రోడ్లు పగులుతాయి. పగలు కరిగిన నీళ్ళు రోడ్డు సందుల్లోకి దిగుతాయి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, మర్నాడు కరుగుతాయి, ఇలా పది రోజులు జరిగాక ఒక లారీ దాని మీంచి పోతే గుంత పడుతుంది. లోకంలో మొట్టమొదట ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేసింది ఈ డెట్రాయిట్‌లోనే, ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద, 1909లో. ఎక్కడెక్కడినుంచో ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్ళారట. ఇప్పుడు మేమూ చూస్తూనే వెళ్తాం, ఎక్కడ గుంత ఉందోనని. ఇక్కడ రెండే కాలాలని స్థానికుల జోకు: ఒకటి చలికాలం, రెండోది రోడ్డు పనుల కాలం. జోకు అనుకునే మొదట్లో నేనూ నవ్వాను. ఒక గుంతలో పడి నా టైరు పేలింది, టైరు షాపులో రెండు గంటలు కూర్చున్నాను. చదువుకోడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు, కానీ నవల ఇంట్లో ఉంది. అక్కడ మూడేళ్ళ నాటి చేపల వేట పత్రిక ఒకటుంటే అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఆ ఏడాది నేను పూర్తిగా చదివింది అదొక్కటే.

ఉగాదికి మంచు కురిసింది. వేపపువ్వు ప్యాకెట్టులోంచి, మామిడికాయ ఇండియన్ స్టోరులోంచి, వసంతం పంచాంగంలోంచి. కోయిల లేదు, రాబిన్ అని ఎర్ర పొట్ట పిట్ట ఒకటుంది, ఈ రాష్ట్రపు పక్షి అదే, అది పచ్చిక మీద కనపడితే వసంతం వచ్చినట్టని ఇక్కడివాళ్ళ లెక్క. ఆ రోజు అది మంచులో నిలబడి నా వైపే చూస్తోంది, నువ్వెందుకొచ్చావురా ఇక్కడికి అన్నట్టు.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అప్పుడు నేను కూడా సుఖంగా ఉంటాను, సుఖంగా ఉన్నవాడి వాంగ్మూలం చెల్లదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా ఎండ ఉంటుంది, అంత వెలుతురు పెట్టుకుని లోపల కూర్చుని చదవడం మహాపాపంలా అనిపిస్తుంది. గోంగూర, బెండ, సొరపాదుకి పందిరి, వారంవారం గడ్డి కొయ్యడం. కిందటేడు మే నెలలో అత్తగారూ మామగారూ వచ్చారు. అత్తగారు గరాజ్ తలుపు పైకెత్తించి, అక్కడ కుర్చీ వేసుకుని, వచ్చేపోయే కార్లు చూస్తూ మిగిలిన నాలుగు పుస్తకాలూ పన్నెండు రోజుల్లో చదివేశారు.

"ఇంకేమున్నాయమ్మా? ఆ లావు పుస్తకం?" అని కూతుర్ని అడిగారు.

"అది మీ అల్లుడుగారు చదువుతున్నారమ్మా," అంది మా ఆవిడ, నా మొహం వైపు చూడకుండా.

నేను గంభీరంగా తలూపాను. అల్లుడు చదువుతున్న పుస్తకాన్ని అడగడం బాగోదని ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇల్లాలు భర్త పరువు ఇలా కాపాడుతుంటే ఆ వ్యవస్థ మీద కేసు పెట్టడం కొంచెం ఇబ్బందే, కానీ న్యాయం న్యాయమే.

డెట్రాయిట్ డౌన్‌టౌన్ పక్కన ఒక పాత గ్లోవ్స్ ఫ్యాక్టరీని నాలుగంతస్తుల పాత పుస్తకాల షాపుగా మార్చారు. మా పెళ్ళిరోజుకి అక్కడికి వెళ్ళాం, నా కోరిక మీద. చేతి తొడుగుల రాష్ట్రంలో చేతి తొడుగులు కుట్టిన చోట పుస్తకాలు! ఉప్పొంగిపోయి ఆరు కొన్నాను. ఆవిడ ఒక్కటి కొంది. నా ఆరూ ఎక్కడున్నాయో చెప్పలేను, ఆవిడది మాత్రం ఎవరికో ఇచ్చేసింది, చదివేశాక.

అన్నట్టు, ఈ డెట్రాయిట్‌లోనే తెలుగు పుస్తకాలు చదివి, కూర్చుని చర్చించుకునే లిటరరీ క్లబ్బు ఒకటి ఏళ్ళ తరబడి నడుస్తోంది. వాళ్ళకీ ఇదే చలి, ఇదే ఉప్పు, ఇవే గుంతలు, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. ఈ విషయం నా వాదనకి ఏ విధంగానూ పనికిరాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఆకులు రంగు మారే కాలం వస్తే నాలుగు గంటల పైన కారు నడుపుకుంటూ ఉత్తరానికి వెళ్ళాలి, ఇది ఇక్కడి తెలుగువాళ్ళకి తిరుపతి లాంటిది. చేతి తొడుగు వేళ్ళ చివర, మిషిగన్ సరస్సు ఒడ్డున, హార్బర్ స్ప్రింగ్స్ నుంచి క్రాస్ విలేజ్ దాకా ఇరవై మైళ్ళ సన్నటి రోడ్డు, రెండు వైపులా చెట్లు పైన కలిసిపోయి సొరంగంలా ఉంటుంది. బాగుంటుంది, అబద్ధం చెప్పకూడదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఫోటో. దారిలో ఒక బోర్డు చదివాను (చదివాను అని నొక్కి చెబుతున్నాను): చలి రాగానే ఆకులో పత్రహరితం విరిగిపోతుంది, అప్పుడు కనపడే పసుపు కొత్తది కాదు, ఆకుపచ్చ కింద మొదటినుంచీ దాక్కుని ఉన్నదే. ఎరుపు మాత్రం చెట్టు అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. ఇది మా ఆవిడకి చెప్పి, మొగుడూపెళ్ళాల గుణాలు కూడా ఇంతే, కొన్ని ముందునుంచీ ఉన్నవి, కొన్ని ఎదటివాణ్ణి చూశాక పుట్టినవి అన్నాను. "మీవన్నీ పసుపే," అంది. అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఉంది గానీ, ఆ రాలిన ఆకుల్ని ఊడ్చి సంచుల్లో కుక్కే ఘట్టాన్ని మన ప్రబంధకవి ఒక్కడూ ముట్టుకోలేదు. వాళ్ళకి తోటమాలులుండేవాళ్ళు.

ఇక ఈ కేసులో ఆఖరి వాయిదా. నవంబరు మొదటి ఆదివారం. మార్చిలో దోచుకున్న గంటని ఆ రోజు తిరిగిస్తారు, వడ్డీ లేకుండా. ఈసారి ఆ గంట వృథా కానివ్వకూడదని, అందులో మేనమామని బండి దింపి తీరాలని ముందు రోజే ఇంట్లో ప్రకటించాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, ఫోను మొహం కింద పెట్టి, నవల చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు అమ్మాయి వచ్చింది, చేతిలో మేపుల్ ఆకులు.

"నాన్నా, స్కూలు ప్రాజెక్టుకి ఆకులు నొక్కి పెట్టాలి. లావు పుస్తకం కావాలి."

ఇంట్లో లావు పుస్తకం ఒక్కటే. ఒక్క నిమిషం చదువుకుని ఇస్తానంటే అది ఒప్పుకోలేదు, ఆకు ముడుచుకుపోతుందట. సరేనని ఆకుని పదిలంగా మధ్యలో పెడదామని పుస్తకాన్ని నడిమికి విప్పాను. 340 దగ్గర ఒక కాఫీ రసీదు. ఫిబ్రవరి తేదీ. ఇంకొంచెం ముందుకి తిప్పితే 455లో స్విమ్మింగ్ క్లాసు వాళ్ళు ఇచ్చే పచ్చ చీటీ. 520లో పేజీ అంచున పసుపు వేలిముద్ర, చిన్న వేలు, నాది కాదు. 610కీ 611కీ మధ్య ఎండిపోయిన కరివేపాకు.

వంటింట్లోకి వెళ్ళాను, పుస్తకంతో సహా.

"ఇది నువ్వు చదివావా?"

"ఎప్పుడో. స్విమ్మింగ్ క్లాసు దగ్గర కారులో కూర్చుని."

"ఆ చలిలో?"

"చలేముంది, హీటరు 74లో పెట్టుకుంటాను. కారులో అడిగేవాళ్ళు ఎవరున్నారు?"

"బల్ల మీంచి రోజూ తీసుకెళ్ళి రోజూ పెట్టేస్తుంటే నాకెలా తెలియలేదు?"

ఆవిడ సమాధానం చెప్పలేదు, నా చేతి వైపు చూసింది. ఫోను చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలియదు. ఈ ఒక్క విషయం రికార్డులోంచి తొలగించాలని కోర్టువారిని కోరుతున్నాను.

"చదివినదానివి నాకు చెప్పలేదేం మరి?"

"మీరు చదువుతున్నారు కదా, మధ్యలో కథ చెబితే బాగోదని. మీ పాసు కూడా కదపలేదు, చూసుకోండి, 38లోనే ఉంది."

చూశాను. ఉంది. నాలుగేళ్ళ కిందట ఎంత వంకరగా పెట్టానో అంత వంకరగానే ఉంది. ఎంత శ్రద్ధ! కాసేపు అలాగే నిలబడి, చివరికి అడగకుండా ఉండలేక అడిగాను.

"ఆ మేనమామ బండి దిగాడా?"

"దిగడమేమిటండీ, 207లో పోయారు కూడా."

నేను వంటింటి స్టూలు మీద కూర్చుండిపోయాను. నాలుగేళ్ళ పరిచయం. మొన్న రాత్రి కూడా ఒక కాలు గాల్లో పెట్టుకుని ఉన్నాడు మనిషి. ఎలా పోయాడు, ఎవరి మూలంగా పోయాడు, ఆ వచ్చిన పనేదో అయిందా లేదా, అడగడానికి నోరు రాలేదు. ఆవిడ నా వైపు చూసి, స్టవ్వు తగ్గించి, తలుపు వెనక నుంచి ఆకులు ఊడ్చే పంజా తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"మైలేమీ లేదు గానీ లేవండి. గంట వెనక్కి పెట్టారుగా, ఇవ్వాళ అయిదున్నరయ్యేలోపే చీకటి పడిపోతుంది."